కొర్రన్నం, తైచీ, ఒక మోకాలు

మా అమ్మ కంచంలో నేను మొదటిసారి కొర్రన్నం వడ్డించిన రోజు ఇప్పటికీ గుర్తుంది. 2021లో, సంక్రాంతి వెళ్లిన నాలుగో రోజు. కొర్రలు రాత్రే నానబెట్టి, పొద్దున మూడు నీళ్లు మార్చి కడిగి, గ్లాసుకు రెండున్నర గ్లాసుల నీళ్లు పోసి, సన్నని సెగ మీద నేనే వండాను. పక్కన ముద్దపప్పు, గోంగూర పచ్చడి. అమ్మ ఒక మెతుకు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూసింది.

"కొర్రన్నం కదూ?"

"అవునమ్మా. ఇప్పుడు అందరూ ఇదే తింటున్నారు. షుగరుకు మంచిది."

కంచం మెల్లగా ముందుకు నెట్టింది. "ఇది తినలేకే కదా నాయనా, నిన్ను చదివించింది."

మాది పొదిలి పక్కన మెట్ట పల్లె. అమ్మ కాపురానికి వచ్చిన రోజుల్లో వరి అన్నం పండగలకూ, చుట్టాలు వచ్చినప్పుడూ మాత్రమే. తక్కిన రోజుల్లో కొర్ర, జొన్న, సజ్జ. కొర్రగింజ మీది పొట్టు ఒక పట్టాన ఊడదు. రోట్లో పోసి దంచాలి, చేటతో చెరగాలి, మళ్లీ దంచాలి. ఒక పూట తిండికి ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా నిలబడి చెరొక రోకలి వేసేవారట. అమ్మ కుడి అరచేతిలో, చూపుడువేలి మొదట్లో, కాయ కాసిన గుర్తు ఎనభై ఏళ్లు దాటినా పోలేదు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక మా ఇంట్లో ఆ రోకలి గోడకు ఆనింది, అంతే. నేను ఆరోగ్యం అనుకుని వండినది ఆమెకు ఆ రోకలి చప్పుడు.

నాకు చిన్నతనమనిపించింది. ఆ వెంటనే కోపం వచ్చింది. అమ్మకు కొర్రలు నచ్చకపోతే పోనీ, నాకెందుకు కోపం రావాలి? బ్యాంకులో ముప్పై మూడేళ్లు చేశాను. అందులో పదేళ్లు ఇతర శాఖల లెక్కలు తనిఖీ చేసే పని. లెక్క ఎక్కడ కుదరడం లేదో అక్కడి మనిషికే ముందుగా కోపం వస్తుందని నాకు బాగా తెలుసు. ఈసారి వచ్చింది నాకు.

అప్పటికి నేను రెండు పనులు పట్టుకుని ఉన్నాను. ఒకటి తైచీ, నెమ్మదిగా కదులుతూ చేసే చైనా యుద్ధవిద్య. రెండోది ప్రకృతి ఆహారం. రెండింటికీ నా చేతుల్లో ఒకే తెగులు పట్టిందని తెలియడానికి మరో ఏడాదిన్నర పట్టింది.

2018లో మా అమ్మాయి పురిటికని కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ వెళ్లాం. ఆరు నెలలకని వెళ్లే తల్లిదండ్రుల సంగతి చాలామందికి తెలిసిందే. కారు నడపలేం, ఊరు తెలియదు, పగలంతా ఇంట్లో పలకరించే మనిషి ఉండడు. పొద్దున్నే సెంట్రల్ పార్కుకు వెళ్లి ఎలిజబెత్ సరస్సు చుట్టూ నడిచేవాణ్ని. అక్కడ రెండు గుంపులు. చీరల మీద స్వెట్టర్లు, కాళ్లకు పిల్లలు కొనిచ్చిన తెల్ల బూట్లు వేసుకుని, ఎవరి అల్లుడి గ్రీన్‌కార్డు ఎంతవరకు వచ్చిందో చెప్పుకుంటూ నడిచే మనవాళ్లు ఒక గుంపు. చెట్ల కింద నోరు మెదపకుండా, మెడలోతు నీళ్లలో నడుస్తున్నట్టు కదిలే చైనా పెద్దవాళ్లు రెండో గుంపు. మా అల్లుడి గ్రీన్‌కార్డు గురించి మూడోసారి అడిగించుకున్న రోజున నేను రెండో గుంపు వెనక వరుసలో నిలబడ్డాను.

నేర్పేది డెబ్బై అయిదేళ్ల ఆవిడ. చెంగ్దూలో నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. అందరితోపాటు నేనూ 'లావోషీ' అని పిలిచేవాణ్ని, టీచరుగారూ అన్నట్టు. ఆవిడకు ఇంగ్లీషు ఓ ఇరవై మాటలు వచ్చు, నాకు చైనీసు ఒక్క ముక్కా రాదు. మొదటి రోజు నా భుజం మీద చెయ్యి వేసి "సోంగ్, సోంగ్" అన్నారు. పాట పెట్టమంటున్నారు కాబోలనుకుని ఫోను తీసి ఒక పాత తెలుగు పాట పెట్టాను. చెట్ల కింద ఆ గుంపు నవ్వడం అదే మొదటిసారి చూశాను.

సోంగ్ అంటే వదులుగా ఉండటమని తర్వాత ఎవరి మనవరాలో చెప్పింది. నిద్రపోయే మనిషి వదులు కాదు. తడి బట్ట దండెం మీద వేలాడుతుందే, అది. దండెం బిగువుగా ఉంటుంది కాబట్టే బట్ట వదులుగా వేలాడగలదు. ఎముకలు దండెం, కండలు బట్ట. చెప్పడానికి ఇంతే.

ఆవిడ నేర్పినది 24 భంగిమల వరుస. 1956లో చైనా క్రీడల శాఖ, తైచీలో యాంగ్ అనే శైలిలోని పొడుగాటి వరుసను కుదించి మామూలు జనం కోసం తయారు చేయించింది. పూర్తిగా చేస్తే అయిదారు నిమిషాలు. కానీ మొదటి నెలంతా కదలడం కన్నా నిలబడటమే ఎక్కువ. దాన్ని జాన్‌జ్వాంగ్ అంటారు, గుంజలా నిలబడటం. పాదాలు భుజాల వెడల్పున, మోకాళ్లు కొద్దిగా వదిలి, చేతులు పెద్ద కాగును కౌగిలించుకున్నట్టు గుండెకు ఎదురుగా. పది నిమిషాలు. మొదటి నిమిషంలో ఏమీ ఉండదు. రెండో నిమిషానికి భుజాలు చెవుల వైపు పాకుతున్నాయని తెలుస్తుంది. దించుతాను. ఇరవై లెక్కపెట్టేలోగా మళ్లీ పైకి. నాలుగో నిమిషంలో ఎడమ బొటనవేలు దానంతట అదే కొట్టుకోవడం మొదలుపెడుతుంది. ఆరో నిమిషంలో ఒకసారి, పళ్లు గట్టిగా బిగించి ఉన్నానని గమనించాను. నిలబడటానికి దవడతో పనేముంది? అది కౌంటరు ముందు గొడవపడే ఖాతాదారుకు చిరునవ్వుతో సమాధానం చెప్పడానికి అలవాటుపడిన దవడ. రిటైరై ఏడాది దాటినా దానికి ఎవరూ ఆ కబురు చెప్పలేదు.

ఒంగోలు తిరిగి వచ్చాక మా డాబా మీద అలాగే నిలబడితే, బట్టలు ఆరేయడానికి వచ్చిన అమ్మ కాసేపు చూసి, "ఎవరి మీద అలిగావు నాయనా?" అని అడిగింది. ఈ విద్య గురించి నేను చదివిన చాలా వ్యాసాల కన్నా ఆ ప్రశ్న లోతైనది.

తైచీనీ, షింగ్‌యీ, బాగువా అనే మరో రెండు విద్యలనూ కలిపి చైనాలో 'నైజ్యా' అంటారు. అంతరంగ విద్యలని చెప్పుకోవచ్చు. ఈ 'లోపలి' అనే మాట దగ్గరే నా పేచీ. లోపల 'చీ' అనే శక్తి ఉందనీ, దాన్ని పొత్తికడుపులో పోగుచేసి దాచుకోవచ్చనీ, ఆరితేరిన గురువు ముట్టుకోకుండానే మనిషిని పడేస్తాడనీ చెప్పేవాళ్లు కొల్లలు. మన వాట్సాప్ గుంపుల్లో దానికొక తోక కూడా ఉంది: ఇదంతా బోధిధర్ముడు అనే బౌద్ధ భిక్షువు మన దేశం నుంచి పట్టుకెళ్లినదేనట. ఒంగోలులో పొద్దుటి నడకవాళ్లకు ఆ తోకతో సహా చెప్పినవాణ్ని నేనే. చెబుతున్నప్పుడు నా ఎత్తు రెండంగుళాలు పెరిగేది.

తర్వాత కుదురుగా చదివితే కథ వేరేలా ఉంది. యుద్ధవిద్యల్లో లోపలిది, బయటిది అనే విభజన రాతలో మొదట కనబడేది 1669లో. హువాంగ్ జోంగ్‌షీ అనే పండితుడు, వాంగ్ జెంగ్‌నాన్ అనే వీరుడి సమాధికి రాసిన శాసనంలో. షావోలిన్ బౌద్ధులది బయటి విద్య, వూడాంగ్ కొండ మీది తావో సాధువు జాంగ్ సాన్‌ఫెంగ్ నుంచి వచ్చినది లోపలి విద్య అని ఆయన మాట. హువాంగ్ మంచూ పాలకులను ఎదిరించిన మనిషి. బౌద్ధం చైనాకు బయటి నుంచి వచ్చిన మతం, మంచూలు బయటి నుంచి వచ్చిన ఏలికలు. ఆ విభజన వెనక రాజకీయం ఉందని కొందరు చరిత్రకారులు అంటారు. అదే నిజమైతే 'లోపలిది' అనే మాటలో పుట్టుకతోనే 'మాది' అనే గర్వం కలిసి ఉంది. 1930ల్లో తాంగ్ హావ్ అనే పరిశోధకుడు హెనాన్ ప్రాంతంలోని చెన్‌జ్యాగౌ అనే పల్లెకు స్వయంగా వెళ్లి, తైచీ మూలాలు 17వ శతాబ్దంలో అక్కడి చెన్ వాంగ్‌టింగ్ అనే సైనికుడి దగ్గర ఉన్నాయని తేల్చాడు. సాధువు కథను కొట్టిపారేశాడు. బోధిధర్ముడి కథకు ఆధారంగా చూపే పుస్తకం కూడా 17వ శతాబ్దానిదే, ఆయన కాలానికి వెయ్యేళ్ల తర్వాతది. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడమన్నట్టు తయారైంది నా వ్యవహారం.

2017లో చెంగ్దూలోనే షు షియావోదోంగ్ అనే మల్లుడు, పేరున్న ఒక తైచీ గురువును అర నిమిషం గడవకముందే కింద పడేశాడు. ఆ వీడియో చూపించి మా అల్లుడు నన్ను ఆటపట్టించాడు. అప్పుడు తైచీని వెనకేసుకొచ్చాను కానీ, ఇప్పుడైతే ఒప్పుకుంటాను. ఎదురుగా నిజంగా నెట్టే మనిషి లేకుండా ఎన్నేళ్లు సాధన చేసినా, మన గురించి మనం చెప్పుకునే కథే బలపడుతుంది.

నెట్టే మనిషి తైచీలోనే ఉన్నారు. 'త్వేషౌ' అనే అభ్యాసం ఉంది: ఇద్దరు మణికట్లు ఆనించుకుని నిలబడి, ఒకరి తూకాన్ని ఒకరు వెతుక్కోవడం. నేను ఎనభై అయిదు కిలోలు, లావోషీ యాభై కూడా ఉండరు. నేను నెట్టాను. నెట్టడానికి అక్కడ ఎవరూ లేరు. ముందుకు తూలి నిలదొక్కుకునేలోగా ఆవిడ నా కుడి భుజం మీద రెండు వేళ్లు పెట్టారు. మూడడుగులు వెనక్కి వెళ్లాను. ఇదేదో శక్తి అని ఆ రోజు గట్టిగా నమ్మాను, ఇంటికి వెళ్లి అలాగే వర్ణించాను కూడా. పదిసార్లు పడ్డాక అసలు సంగతి అర్థమైంది. తలుపును ఒక మూల తోసినా మొత్తం కదులుతుంది. తెరను తోస్తే వేలు తగిలిన చోటే కదులుతుంది. నా భుజం తలుపు. ఆవిడ చేసినదల్లా నేను ఎక్కడ బిగుసుకున్నానో నా కన్నా ముందు కనిపెట్టడం. ఆ బిగువు ఆవిడ పెట్టినది కాదు, నా దగ్గర ముందే ఉంది.

అందుకని నా వాదం ఇది. లోపల పోగుచేసుకోవలసిన పదార్థం ఏదీ లేదు. తప్పు బయటికి తెలిసేలోగా మనకే తెలిసే చోటుకు లోపల అని పేరు. నెమ్మదిగా చేయడమెందుకంటే వేగం తప్పుల్ని కప్పేస్తుంది కాబట్టి. చకచకా నడిచేటప్పుడు ఒక కాలి నుంచి మరో కాలికి ఊపు మనల్ని మోసుకుపోతుంది. అదే అడుగును ఆరేడు సెకన్లు సాగదీస్తే, మొత్తం బరువు ఒక్క కాలి మీదే నిలపాలి, అబద్ధమాడే వీలుండదు. వృద్ధులు తూలకుండా ఉండటానికి ఇది పనికొస్తుందనడానికి గట్టి ఆధారాలు ఉన్నాయి. 2012లో అమెరికాలోని ఒరెగాన్‌లో 195 మంది పార్కిన్సన్స్ రోగుల మీద జరిపిన పరీక్షలో, 24 వారాలు తైచీ చేసినవారు బరువులతో వ్యాయామం చేసినవారి కన్నా, కండరాలు సాగదీసే వ్యాయామాలు చేసినవారి కన్నా మెరుగ్గా నిలదొక్కుకోగలిగారు. అందులో ఎవరూ ఎవరినీ ముట్టుకోకుండా పడేయలేదు. కింద పడకుండా ఉండటం చిన్న విషయమా, చెప్పండి!

ఇంత తెలిసినవాణ్ని మోకాలు ఎలా పాడుచేసుకున్నానంటే, డాబా వల్ల. మాకు మూడు వైపులా మేడలే. జనం చూస్తున్నారనుకుంటే భంగిమ ఇంకా కిందికి దిగేది. ఫోటోల్లో చైనా కుర్రాళ్లు దాదాపు నేలకు ఆనుకుని కనబడతారు కదా. ఫ్రీమాంట్‌లోనే లావోషీ ముడిచిన విసనకర్రతో నా కుడి మోకాలి మీద తట్టి, అది లోపలికి వాలుతోందని చూపించారు. మోకాలు పాదం వేళ్ల వైపే చూడాలి. వంగవలసినది అక్కడ కాదు, గజ్జల దగ్గర. పీట మీద కూర్చోబోయి మధ్యలో ఆగినట్టు. అర్థమైందని తల ఊపాను. 2022 వేసవిలో మోకాలు కొబ్బరికాయంత అయింది. డాక్టరుగారు ఏం చేస్తుంటారని అడిగితే నడుస్తుంటానని చెప్పాను. తైచీ అని చెప్పడానికి నోరు రాలేదు.

అదే వారంలో షుగరు పరీక్ష కూడా చేయించారు. మూడు నెలల సగటు 6.3 ఉండేది 7.2కు చేరింది. నేను నమ్మలేదు. మా ఇంట్లో పంచదార అడుగుపెట్టి రెండేళ్లయింది. గానుగ నూనె, తాటిబెల్లం, తేనె, రాగిజావ, అయిదు రకాల సిరిధాన్యాలు, కొర్ర బిస్కెట్లు. పరీక్షలో పొరపాటని మరోచోట చేయించాను. 7.1.

అప్పుడు పాత పని చేశాను. నోటుబుక్కు తీసి మూడు వారాలపాటు నోట్లో పెట్టుకున్న ప్రతిదీ రాశాను, రుచి చూసిన చెంచాతో సహా. పొద్దున రాగిజావలో తాటిబెల్లం రెండు చెంచాలు అనుకున్నది, తూస్తే ముప్పై అయిదు గ్రాములు. పదింటికి అలాంటి బెల్లంతోనే కాఫీ. సాయంత్రం మళ్లీ. మధ్యలో 'ఇది సహజమే కదా' అంటూ అయిదారు ఖర్జూరాలు. రాత్రి నిద్రపట్టక తేనె నిమ్మరసం. బెల్లంలో ఎక్కువ భాగం పంచదారలో ఉండే సుక్రోజే, తాటిబెల్లమైనా అంతే. నాలుగు ఖనిజాలు ఎక్కువ ఉంటే ఉండవచ్చు, ఒంట్లోకి వెళ్లాక లెక్క మారదు. రాగులు మంచివే. నూరు గ్రాముల్లో సున్నం, అంటే కాల్షియం, దాదాపు 350 మిల్లీగ్రాములు ఉంటుంది, తెల్ల బియ్యంలో అది పదికి లోపే. కానీ మెత్తగా పిండి పట్టించి, పల్చగా కాచి, బెల్లం కలిపి గటగటా తాగితే పీచు ఉన్నా ప్రయోజనం తక్కువ; షుగరు చకచకా ఎక్కుతుంది. రాగిసంకటి ముద్ద పప్పులో అద్దుకుని నిదానంగా తినేవారి సంగతి వేరు. కొర్రలు కూడా నేను కొన్నవి మెరుస్తూ ఉండేవి. తవుడు ఉంటే నిల్వకు త్వరగా ముక్కిపోయిన వాసన వస్తుందని మిల్లులో పాలిష్ పట్టేస్తారు. అమ్మ రోకలితో దంచిన కొర్రా ఇదీ ఒకటి కాదు. అమ్మ ఆ మెతుకును వేళ్ల మధ్య నలిపినప్పుడు చూసినది అదేనేమో, నేను అడగలేదు.

నోటుబుక్కులో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టినది గ్రాములు కాదు. 'ఎందుకు తిన్నాను' అని ఒక గడి గీసుకున్నాను. పదకొండు చోట్ల 'చూపించడానికి' అని రాయవలసి వచ్చింది. పెళ్లిలో పులిహోర వద్దని, వెంట తెచ్చుకున్న డబ్బా తెరిచి అండుకొర్రల ఉప్మా తిన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు అడిగారు, చెప్పాను, ఇరవై నిమిషాలు చెప్పాను. ఇంటికి వచ్చి ఆకలేసి బెల్లం గవ్వలు తిన్నాను. పైన పటారం, లోన లొటారం. డాబా మీద కిందికి దిగిన మనిషీ, పెళ్లిలో డబ్బా తెరిచిన మనిషీ ఒకరే. అమ్మ కంచం నెట్టిన రోజు వచ్చిన కోపం కూడా ఈ గడిలోదే. నేను ఆమెకు తిండి పెట్టలేదు, నా గొప్ప వడ్డించాను.

దీనికి మా స్నేహితుడొకరు, రిటైరైన లెక్కల మాస్టారు, అడ్డు చెప్పారు. "అయితే మళ్లీ వరి అన్నం తిని వాకింగ్ చేసుకోండి. ఇంత గోల ఎందుకు?" న్యాయమైన మాటే. కానీ నేను చిరుధాన్యాలకు శత్రువును కాను. జహీరాబాదు వైపు దళిత మహిళా రైతులు, ఈ గింజలకు పట్నంలో ధర రాకముందే, 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించడానికి ఎన్నో ఏళ్ల ముందే, వాటిని విత్తనంతో సహా కాపాడారు. ఎవరికీ చూపించడానికి కాదు, తినడానికి, వానలేని ఏడాది గట్టెక్కడానికి. వాళ్ల జొన్నరొట్టెకూ నా కొర్ర బిస్కెట్‌కూ మధ్య ఎంత దూరమో, చెట్ల కింద లావోషీకీ డాబా మీద నాకూ మధ్య అంత దూరం. గింజ మారితేనో, విద్య మారితేనో ఆ దూరం తగ్గదు. మాస్టారు ఒప్పుకోలేదు. ఆయన షుగరు 6.1, వాదనలో ఆయనకదో అదనపు బలం.

ఇప్పుడు జావ మానేశాను. వారానికి మూడు నాలుగు పూటలు జొన్నరొట్టె, పాలిష్ లేని కొర్రలు దొరికితే కొర్రన్నం, తక్కిన పూటల్లో కొలిచి పెట్టుకున్న వరి అన్నం. బెల్లం పండగలకే. షుగరు 6.6 దగ్గర నిలిచింది, మందులతో కలిపి. మందుల ఘనత కూడా తిండికే కట్టబెట్టాలని చెయ్యి లాగుతుంది, అది కూడా నోటుబుక్కులో రాసుకున్నాను. అమ్మకు కొర్రన్నం మళ్లీ వడ్డించలేదు. తైచీ ఎత్తుగానే నిలబడి చేస్తున్నాను, వంగింది వంగనట్టే ఉంటుంది. చూసేవాళ్లకు ముసలాయన చేతులు తిప్పుకుంటున్నట్టు కనబడుతుంది.

ఈ పొద్దున పక్క మేడ మీది కుర్రవాడు ఫోను పైకెత్తి నా వైపు పెట్టాడు. మబ్బుల్ని పక్కకు జరుపుతున్నట్టు చేతులు తిప్పే భంగిమలో ఉన్నాను. నాకు తెలియకుండానే రెండంగుళాలు కిందికి దిగాను. కుడి మోకాలు లోపలి వైపు చురుక్కుమంది. మెల్లగా లేచి నిలబడ్డాను. భుజాలు చెవుల దాకా వచ్చి ఉన్నాయి. అవి దించుతుండగా కింద నుంచి అమ్మ కేక వేసింది, ఇడ్లీలు చల్లారిపోతున్నాయని.